చుక్కాని ఎడమ చెయ్యి

మా వదిన కామిక్ పుస్తకాలకు బొమ్మలు గీస్తుంది. అలా అనొచ్చో లేదో. మొన్నటిదాకా చాలా ఏళ్ళు ఆవిడ పని ఇంకొకరు గీసిన బొమ్మల్లో నలుపు నింపడమే. జుట్టు, నీడలు, రాత్రి ఆకాశం. ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో సిరా, ఒళ్ళంతా నీరసం. "ఇవాళ ఎంతమందికి మసి పూశావు వదినా?" అంటే, "మీ అన్నయ్య తలకి సరిపడా మిగిల్చాన్లే" అనేది. పోనుపోను ఆ వేళాకోళానికి కూడా ఓపిక లేకుండా పోయింది.

చుక్కాని పుట్టింది ఈవిడ చేతుల్లోనే. రేవులో మునిగే పడవల్లోంచి మనుషుల్ని పైకి లాగే వీరవనిత. ఎవర్నీ కొట్టదు, లాగుతుంది, అంతే. కుడిచేత్తో కలం పట్టుకుంటే, చూసి గీయడానికి ఖాళీగా ఉండేది ఎడమ చెయ్యే కదా. వదిన దాన్నే చూసి గీసింది. చుక్కాని అన్నీ ఎడమచేత్తోనే చేస్తోందని పుస్తకం అచ్చయ్యాక గాని ఎవరూ చూసుకోలేదు. పొరపాటే, కానీ పిల్లలకు అదే నచ్చింది.

తర్వాత చుక్కాని పేరున్న పెద్ద చిత్రకారుల చేతుల్లో పడింది. ఒకాయన ఆమెను కుడిచేతివాటం మనిషిని చేశాడు. ఇంకొకాయన ఎగిరే వీరుడెవడికో ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆపైన బట్టలు తగ్గాయి, ఏడుపు పెరిగింది. ఒకసారి చంపేశారు కూడా. అమ్మకాలు పడిపోతే మళ్ళీ లేపారు. ఆ పేజీల్లో నలుపు నింపింది మా వదినే. నాకైతే ఒళ్ళు మండిపోయేది. ఆవిడ మాత్రం బ్రష్షు కడుక్కుని పడుకునేది.

ఈ ఏడు సంపాదకుడు పిలిచాడు. "చుక్కానిని మళ్ళీ మొదటినుంచి తెస్తున్నాం మేడమ్. పెళ్ళీ లేదు, చావూ లేదు. రేవు, పడవలు, ఎడమ చెయ్యి. ఒక పేజీ గీసి చూపించండి. కుదిరితే పుస్తకం మీదే."

కుదరకపోతే మళ్ళీ నలుపే. ఆ మాట ఆయన అనలేదు, అనక్కర్లేదు కూడా.

వదిన భోజనాల బల్ల మీదే గీసింది, ఎడమ చెయ్యి ఎదురుగా చాపుకుని. నీళ్ళలో ఒక మనిషి, పైనుంచి చాచిన చుక్కాని చెయ్యి. మునిగేది నేనైతే ఆ చెయ్యే పట్టుకుంటాను. అంత నమ్మకంగా ఉంది.

సంపాదకుడు చెడ్డవాడేం కాదు. చాలాసేపు చూశాడట. "ముఖం అదే, నీళ్ళు అవే. చెయ్యి మాత్రం ఎవరో పెద్దావిడదిలా ఉంది మేడమ్. చుక్కాని పడుచుపిల్ల కదా. మార్చి తెస్తారా?"

ఇంటికొచ్చి వదిన తన ఎడమ చేతిని బల్ల మీద పెట్టుకు కూర్చుంది. కణుపులు ఉబ్బాయి, బొటనవేలు వంకర తిరిగింది. "ఉన్నది ఉన్నట్టే గీశానే. ఇలా అయిపోయిందని నేనే చూసుకోలేదు" అంది.

నాకు ఏడుపొచ్చింది. "పోనీ, నా చెయ్యి చూసి గీయి వదినా" అన్నాను.

పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిన్నెలు తోమీ తోమీ నీది నాదానికంటే అన్యాయంగా ఉంది." ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే, "మళ్ళీ ఆ నలుపు నావల్ల కాదే. అలిసిపోయాను" అంది.

అటక మీంచి చుక్కాని మొట్టమొదటి పుస్తకం దింపమంది. దుమ్ము దులిపి ఇచ్చాను. అందులో చెయ్యి చూసి కొత్త పేజీలో చెయ్యి దిద్దింది. పేజీ ఒప్పుకున్నారు, పుస్తకం ఆవిడకే ఇచ్చారు. చుక్కాని పాత చెయ్యి తిరిగొచ్చిందని ఆఫీసులో అందరూ ఒకటే మెచ్చుకోలు.

ఇప్పుడు రోజూ ఆ పాత పుస్తకం ముందు పెట్టుకునే గీస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం బల్ల కింద, ఒళ్ళో పెట్టుకుంటుంది.