టేపులో రెండో మనిషి

టైలరమ్మకు ఒక అలవాటుంది. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. పైసోకు ఎవరైనా చూస్తారు, అసలు సంగతి లోపలుంటుందని ఆమె లెక్క. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాడి చూస్తున్న ఆయన కోటు అంచు తిరగేసి "కుట్టు ఊడుతోందండీ, రేపు పంపించండి" అని చెప్పి వచ్చిన మనిషి. యాభై రెండేళ్ళ వయసులో ఆమె గిటార్ పట్టడానికి కూడా ఈ తిరగేసి చూసే బుద్ధే కారణం.

ఆమె నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో ఉన్నప్పుడు గిటార్ తీగలన్నీ కలిపి గీకుతూ ఏదో కూనిరాగం తీసేవాడు, అంతకుమించి ఆయనకేమీ రాదని అందరి నమ్మకం. అలాంటివాడు ఒకరోజు పని నుంచి వస్తూ ఒక టేపు తెచ్చి, "విను" అని భార్య ముందు పెట్టాడు. భోజనాల వేళ ఏడో అంతస్తు పైన, మోటార్లుండే గదిలో కూర్చుని రికార్డు చేశాడట. కింద ఎవరో తాపీగా నడుస్తున్నట్టు మందపు తీగల మోత, దాని మీద సన్నని తీగల్లో హుషారైన పాట. విన్నంతసేపూ విని అమ్మ అడిగింది ఒక్కటే. "పక్కన ఎవరు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్నే."

"నాకు చెవులున్నాయి," అంది అమ్మ.

నాన్న ఆఫీసులో గిటార్ వచ్చిన టైపిస్టు ఒకావిడ ఉండేది. ఇక చెప్పాలా. నాన్న ఆ తర్వాత గిటార్ ముట్టుకోలేదు, తన మాటా మార్చుకోలేదు. అమ్మ ఆ టేపును గుండీల డబ్బాలో దాచింది. ఎందుకమ్మా అంటే "సాక్ష్యం ఎవరైనా పారేస్తారా?" అనేది. అలాగని ఇంట్లో పెద్ద పోట్లాటలేమీ జరగలేదు. కరెంటు బిల్లు గురించి, పాల గురించి మాట్లాడుకుంటూనే కాపురం చేశారు. ఎప్పుడో ఓ మాటలో మాత్రం ముల్లు తగిలేది. అప్పటికి పందొమ్మిదేళ్ళ కూతురు అమ్మ పక్షం. ఒకసారి నాన్న మరిచిపోని టిఫిను డబ్బాను మరిచిపోయాడని వంక పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఆ టైపిస్టును చూసొచ్చింది. ఆవిడ తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏ తప్పూ లేనిదానికి ఇంత మర్యాద దేనికని పిల్లకు అనుమానం ఇంకా గట్టిపడింది. ఆ రోజు నుంచి నాన్న ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబిచ్చేది. ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్ళు. పోయేదాకా ఆ ఒక్క ముక్కల జవాబులతోనే సరిపెట్టుకున్నాడు.

పోయినేడు ఒక సాయంత్రం టైలరమ్మ భుజాలు సరిచేసిన కోటొకటి ఇవ్వడానికి రెండో అంతస్తులో ఉండే గిటార్ మాస్టారింటికి వెళ్ళింది. లోపల ఇద్దరు వాయిస్తున్నారు. కింద తాపీ నడక, పైన పాట. మధ్యలో తలుపు కొట్టడం బాగుండదని మెట్ల మీద నిలబడింది. పాట ఆగాక కొడితే మాస్టారొక్కరే గిటార్ మెడ పట్టుకుని తలుపు తీశాడు. టైలరమ్మ ఆయన భుజం మీంచి గదంతా చూసింది. ఊరుకోకుండా తలుపు వెనక కూడా తొంగి చూసింది.

"రెండో ఆయన ఏరండీ?"

"ఏ రెండో ఆయనమ్మా?"

"ఇప్పుడు మీతో వాయించారు కదా, ఆయన."

మాస్టారు నవ్వి కుడిచేతి బొటనవేలు పైకెత్తాడు. "ఇదిగో, వీడే. వీడు మందపు తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి కొట్టుకుంటూ పోతాడు. చూపుడువేలు, మధ్యవేలు పైన పాట చూసుకుంటాయి. ఎవరి పని వాళ్ళది."

కోటు చేతిలో ఉండగానే టైలరమ్మకు గుండీల డబ్బాలోని టేపు గుర్తొచ్చింది. మర్నాడే టేపు తెచ్చి వినిపించింది. మాస్టారు కళ్ళు మూసుకుని విని, ఒకచోట వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. "ఇక్కడ బొటనవేలు తడబడింది, చూశారా. ఆ క్షణంలోనే పైన పాట కూడా తడబడింది. ఇద్దరైతే ఒకరు తప్పినా రెండోవారు నడిచిపోతారు. ఇది ఒకే చెయ్యి."

అయితే అమ్మను తీసుకొచ్చి మాస్టారి చేత వాయింపజేస్తే పోయేది కదా అనవచ్చు. అమ్మ సంగతి కూతురికి తెలియదా. "ఆయన మాస్టారు, ఏమైనా వాయిస్తాడు. మీ నాన్నకు అంత సీనెక్కడిది?" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తుంది. ఆ ఇంటి మనిషే, ఏమీ రానిదే, నాన్న వదిలేసిన ఆ గిటార్ మీదే వాయించి చూపించాలి. నిజం చెప్పాలంటే అమ్మకే కాదు, టైలరమ్మకూ తేల్చుకోవాలని ఉంది. పదేళ్ళు కాదు ఇరవై కాదు, ఇరవై ఏడేళ్ళు ఆయన మీద మొహం ముడుచుకున్నది తనూను.

మాస్టారి దగ్గర పాఠాలు మొదలుపెడితే ఎడమచెయ్యి ఆట్టే ఇబ్బంది పెట్టలేదు. ముప్పై ఏళ్ళుగా సూదులు పొడిచి పొడిచి వేళ్ళ చివరలు ముందే మొద్దుబారాయి. కొత్తవాళ్ళంతా నొప్పని ఏడ్చే చోట ఆమె హాయిగా తీగ నొక్కుతుంటే మాస్టారు నోరెళ్ళబెట్టాడు. కుడిచేతి దగ్గరే వచ్చింది చిక్కంతా. మొదటి నెల బొటనవేలొక్కటే పని. ఐదో తీగ, నాలుగో తీగ, ఐదు, నాలుగు. కుట్టు కొట్టులో సాధన చేస్తుంటే, పక్కన కాజాలు కుడుతూ అమ్మ, "ఎవరింటి తలుపో కొడుతున్నారు, వెళ్ళి తియ్యి" అనేది. ఇంట్లో టైలరమ్మ భర్తగారు కూరలు తరుగుతూ తనకు తెలియకుండానే ఆ లెక్కకే కత్తి వేసేవాడు. అమ్మ దగ్గర మాత్రం టైలరమ్మ బొటనవేలి పని దాటి వెళ్ళలేదు. టేపులోని పాటంతా మాస్టారి గదిలోనే.

పాట మూడొంతులు వచ్చాక ఒకచోట బండి ఆగిపోయింది. రాగం పైకెక్కి ఒంపు తిరిగే చోటుంది, అక్కడికి రాగానే బొటనవేలు నెమ్మదిస్తుంది. ఒంపు దాటగానే మళ్ళీ పరిగెడుతుంది. ప్రతిసారీ అంతే. "రాకపోతే తప్పు తీగ కొడతారు ఎవరైనా. మీరు సరైన తీగే కొడుతున్నారు, కానీ నెమ్మదిస్తున్నారు. ఎందుకమ్మా?" అని మాస్టారు తల గోక్కున్నాడు. టైలరమ్మకూ అంతు చిక్కలేదు. మూడు వారాలు అదే రోగం.

ఒకనాడు గౌను మెడ కుడుతోంది. గుండ్రం దగ్గరికొచ్చింది. కాలు దానంతటదే పెడలు మీద తేలిక పడి మిషను నెమ్మదించింది. ఆమె మిషను ఆపేసి తన కాలి వంక చూసుకుంది. ఒంపు వస్తే నెమ్మదించాలి, లేకపోతే బట్ట ముడతపడుతుంది. ఆ బుద్ధి ఒంటినిండా పాకి బొటనవేలి దాకా వచ్చిందన్నమాట. ఇంత మంచి అలవాటు ఇలా కాళ్ళకడ్డం పడుతుందని ఎవరనుకుంటారు. ఆమెకు కోపం రాలేదు. తన ఒళ్ళు తనకు తెలియకుండా ఇంకా ఏమేం నేర్చుకుని కూర్చుందోనని ఆశ్చర్యం వేసింది.

విరుగుడు కూడా మిషను దగ్గరే దొరికింది. ఒక హోటలు వాళ్ళవి నలభై కర్టెన్లు కుట్టాల్సి వచ్చింది. పొడవాటి తిన్నని అంచులు, ఎక్కడా ఒంపు లేదు. ఆ అంచులు కుడుతూ నోటితో పాటలోని ఒంపు పాడుకునేది. నోరు ఒంపు తిరిగినా కాలు మాత్రం నెమ్మదించకూడదు. మొదటి ఎనిమిది కర్టెన్లూ కాలు మాట వినలేదు. తొమ్మిదో దానికి కాస్త విన్నది. నలభైయో కర్టెను మడత పెట్టేసరికి నోటి దారి నోటిది, కాలి దారి కాలిది. ఆ వారం మాస్టారి గదిలో పాట మొదటినుంచి చివరిదాకా ఒకే నడకలో వెళ్ళింది. మాస్టారు టీ కలపడానికి లేచాడు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉంది. అమ్మ కిటికీ వెలుగులో కోటుకు గుండీలు కుడుతోంది. డెబ్భై ఆరేళ్ళొచ్చినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. టైలరమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, నాన్న గిటార్ ఒళ్ళో పెట్టుకుని టేపులోని పాట మొదలుపెట్టింది.

రెండు వరసలు వినేసరికి అమ్మ చేతిలో సూది ఆగింది. ముందు గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వచ్చారేమోనని. తర్వాత కూతురి చేతి వైపు చూసింది. పాట అయిపోయింది.

"మళ్ళీ వాయించు," అంది.

ఈసారి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. పాట మధ్యలో చెయ్యి చాపి కూతురి చూపుడువేలూ మధ్యవేలూ పిడికిట పట్టేసింది. పైపాట ఆగిపోయింది, కింద నడక ఆగలేదు. వేళ్ళు వదిలింది, పాట తిరిగొచ్చింది. ఈసారి బొటనవేలు పట్టుకుని నడక ఆపింది. అలా రెండుసార్లు చేసి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒక్కదానివేనే," అంది.

"ఒక్కదాన్నేనమ్మా. నాన్న కూడా ఒక్కడే."

అమ్మ వాదిస్తుందనుకుంది టైలరమ్మ. లేకపోతే గుండె మీది బరువు దిగి నవ్వుతుందేమోనని ఆశపడింది. రెండూ జరగలేదు. అమ్మ ఒళ్ళో ఉన్న కోటుతోనే కళ్ళు తుడుచుకుంది. ఎన్నో కష్టాల్లో కూడా అమ్మ ఏడవగా చూడని టైలరమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. తను చేసింది మంచిపనో కాదో కూడా తెలియలేదు.

"ఎంతసేపుంటుందే ఈ పాట?" అని అడిగింది అమ్మ చివరికి.

"రెండు నిమిషాలు కూడా ఉండదు."

"టేపు తెచ్చిన మర్నాడు మీ నాన్న ఇలాగే నా ఎదురుగా కూర్చున్నారు. చెవుల్ని నమ్మకపోతే కళ్ళతో చూడు అన్నారు. ఆవిణ్ణి కూడా పిలుచుకురండి, జంటగా చూస్తాను అని నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను."

ఈ సంగతి టైలరమ్మ ఇన్నేళ్ళలో వినలేదు. "మరి నాన్న వాయించాడా?"

"తెలీదే," అంది అమ్మ. "వినపడకూడదని తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చున్నాను."