ఏటి ఒడ్డున కాపలా లేని నిద్ర

ఏసుపాదం మాస్టారు ఇక లేరన్న వార్త నాకు గుంటూరు మిరప యార్డులో, నా బస్తాల పక్కన నిలబడి ఉండగా తెలిసింది. ఫోను చేసినవాడు కోటేశ్వరరావు. మా ఊళ్ళో ట్రాక్టరు కిరాయికి తోలతాడు.

"ఒరేయ్ సాంబా, మాస్టారు పోయార్రా."

"ఎక్కడికి?"

"పోయార్రా అంటుంటే!"

"నాకు చెప్పమాక కథలు. నీకా విద్య నేర్పిందే నేను."

అవతల వాడు ఏడ్చాడు. కోటేశ్వరరావుకు అబద్ధమాడటం కొద్దోగొప్పో వచ్చు గానీ ఏడుపు నటించడం రాదు. అప్పుడు నమ్మాను. ఏటి ఒడ్డున తాను కట్టెలకు పోయి తిరిగి వచ్చేసరికి మాస్టారు మడత కుర్చీలో అలాగే ఉన్నారట. తెల్లవారాక కాఫీ తాగి, గ్లాసు ఇసుకలో పెట్టి, నీళ్ళవైపు చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకున్నారట. "ఆఖరున ఏమన్నా అన్నారా?" అని అడిగాను. "వచ్చాక చెప్తాలేరా" అన్నాడు. నన్నేమైనా తలిచారా అని అడగబోయి ఆగిపోయాను.

ఇటువంటి వార్త విన్నప్పుడు హృదయం శోకసంతప్తం కావాలి. నాదీ అయింది. అయితే దుఃఖానికంటే ఒక అడుగు ముందు అసూయ వచ్చి నిలబడిందని రాయకపోతే, ఇది ఆయన గురించి రాసిన వ్యాసమే కాదు. నల్లమల అంచున, కృష్ణ ఒడ్డున, మొదటి ఎండ మోకాళ్ళ మీద పడుతుండగా అనాయాస మరణం! ఋషులు కోరుకునే నిర్యాణం ఆయనకు పైసా ఖర్చు లేకుండా లభించింది. పైగా ఆ ఘడియలో కోటేశ్వరరావు ఉన్నాడు, చర్చిలో పాటలు పాడే శాంసను ఉన్నాడు, దర్జీ బ్రహ్మయ్య ఉన్నాడు. ఏటా తప్పకుండా వెళ్ళే నేను ఈ ఏడు లేను.

మాస్టారిని ఎరగనివారి కోసం నాలుగు మాటలు. మా ఊరి హైస్కూల్లో సోషలు చెప్పి, రిటైరై, చర్చి వెనక వీధిలో స్థిరపడిన మితభాషి. తల్లిదండ్రులు మిరప కోతలకు పోయే కూలీలు. ఆ కోతల కాలంలో పసివాడుగా ఆయన ఎవరెవరి కల్లాల్లోనో నిద్రపోయారు. మిరప కల్లం అంటే తెలుసుగా: పచ్చి ఎరుపు కాయలు ఎండబోసిన నేల. దొంగలకు భయపడి, వానకు భయపడి, ఆఖరికి మేకలకు కూడా భయపడి పక్కనే మంచం వేసుకుని పడుకోవాలి. ఆరుబయట పడుకోవడం మా మెట్టనేల మనుషులందరికీ వచ్చు. కానీ ఆ నిద్రలో ఒక చెవి ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఒక కోతల కాలం చివర, నా కల్లంలో కూర్చుని మాస్టారు అన్నమాట ఇది: "ఒరేయ్ సాంబా, పుట్టిందగ్గర్నుంచీ ఏదో ఒకదానికి కాపలా పడుకుంటున్నాం. కాపలా కాయాల్సింది ఏదీ లేని చోట ఒక్కసారి పడుకుని చూద్దామా?"

అలా మొదలైంది మా ఏటి ఒడ్డు విడిది. ఈస్టరు దాటి, పంట యార్డుకు చేరాక, మాచర్ల మీదుగా కృష్ణ ఒడ్డుకు పోవడం. అడవి శాఖవారి హద్దురాయికి ఇవతల ఒక ఇసుక మేట ఉంది. టిక్కెట్టు లేదు, గది లేదు, అద్దె లేదు. రాయి దాటనంత కాలం తమకు అభ్యంతరం లేదని గార్డు చెప్పాడు. మాస్టారు రాయి దగ్గరికి కూడా పోనివ్వలేదు. "డబ్బు కట్టిన చోట మనిషి పడుకోడు, గిట్టుబాటు అయిందా లేదా అని చూసుకుంటాడు" అనేవారు. వచ్చేటప్పుడు పొయ్యి రాళ్ళు ఎక్కడివక్కడ పెట్టించి, బూడిద గోతిలో పూడ్పించి, మా అడుగుజాడల మీద తాటాకు ఈడ్పించేవారు. "మనం వచ్చిపోయినట్టు ఏటికి తెలియకూడదురా."

మొదటి ఏడు మేం చేసిన ఘనకార్యం మా ప్రాంతం మనుషులు తప్ప భూప్రపంచంలో ఎవరూ చేయలేరు. డేరా కొనడం దండగని, కల్లంలో మిరపకాయలు ఎండబోసిన పట్టాలనే తెచ్చి గుడారం వేశాం. మర్నాడు పొద్దెక్కి పట్టా వేడెక్కిందో లేదో, ఏడాది పొడుగునా దాని పోగుల్లో దాగిన కారం మా మీదికి దిగింది. ఐదుగురం బయటపడి, కళ్ళల్లో ధారలు కారుతూ, తుమ్ముతూ, గుండెలు బాదుకుంటూ ఇసుకలో దొర్లాం. పుట్టిలో చేపలు పట్టుకుంటున్న ఇద్దరు మమ్మల్ని చూసి పాపం ఒడ్డుకు వచ్చారు. "ఎవరు పోయారయ్యా?" అని అడిగారు. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరూ పోలేదు నాయనా. గుంటూరోళ్ళం" అన్నారు.

ఇంతే ఆయన అన్నది. నేను ఊరుకుంటానా? తిరిగి వచ్చిన వారానికే ఆ ఉదంతాన్ని పెంచి పోషించి, అడవిలోంచి పెద్దపులి వచ్చినట్టు, మా పట్టాను వాసన చూసినట్టు, తుమ్ముకుంటూ ఏరు ఈది అవతలి ఒడ్డుకు, అంటే తెలంగాణకు, శాశ్వతంగా వలస పోయినట్టు అరగంట కథ కట్టాను. పులి మీసాలకు అంటిన కారం రంగు దగ్గర్నుంచి వర్ణించాను. జనం నవ్వారు, కాదనను. కానీ ఇప్పటికీ చిలకలూరిపేట టీకొట్లో ఎవరికైనా ఘాటు తగిలి తుమ్మొస్తే వినపడేది నా పులి కాదు. "గుంటూరోళ్ళం నాయనా!" అంటారు. అరగంట పులిని ఒక్క మాట మింగేసింది. నా కడుపు మండదా?

మా ఇంట్లోనూ అంతే. "వాన వస్తోందే, కాయలు ఎత్తించు" అని నేను గావుకేక పెడితే మా ఆవిడ ముందు మాస్టారికి ఫోను చేసేది. "అన్నయ్యగారూ, ఈయన వానంటున్నాడు. మీకేమన్నా కనపడుతుందా?" ఆయన బయటికి వచ్చి ఆకాశం చూసి "ఎత్తించమ్మా" అంటేనే కాయలు కదిలేవి. ఈలోపు నేను తడిసిపోయి ఆమె ఎదురుగా నిలబడి ఉండేవాణ్ణి. పైన పడుతున్న వానకంటే పక్క వీధిలో ఉన్న ఆయన మాటకు విలువ ఎక్కువ. నిజం చెప్పేవాడితో స్నేహం చేయడంలో ఉన్న కష్టం ఇదీ అని ఎవరికి చెప్పుకోను?

ఇక నిరుటి సంగతి. ఇసుకలో అందరూ చుట్టూ కూర్చుని ఉండగా, నేను మా తాతయ్య మొసలి మీద ఏరు దాటిన వృత్తాంతాన్ని నడిమేటికి తెచ్చాను. ఊపిరి బిగబట్టి వింటున్నారు. అప్పుడు మాస్టారు నీళ్ళ అంచు నుంచి, గొంతు పెంచకుండా, "ఒకసారి ఇటు రండి" అన్నారు. తాతయ్యను, మొసలిని నట్టేట వదిలేసి అందరూ లేచి పోయారు. నీటికుక్కల కుటుంబం ఒకటి చేపల కోసం మునుగుతూ తేలుతూ పోతోంది. పిల్లలు తల్లి వెనకే వరస. మాస్టారు దాని గురించి ఒక్క ముక్క వ్యాఖ్యానం చేయలేదు. ఊరికే చూశారు. ఆయన చూస్తుంటే పక్కవాళ్ళకు కూడా కనపడేది; ఆ మహిమ నా నోటికి లేదు. అందరూ వెనక్కి వచ్చి కూర్చున్నారు గానీ మొసలి ఏమైందని ఒక్కడూ అడగలేదు.

అందుకే ఈ ఏడు, సరుకు ఇంకా యార్డుకు తోలాలి, నాకు కుదరదన్నాను. మాస్టారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగారు. "నిజంగా కుదరదా?" అన్నారు. "నిజంగానే" అన్నాను. ఆయన నా ముఖం చూసి నవ్వి, బతిమాలకుండా వెళ్ళిపోయారు. బతిమాలితే వెళ్ళేవాణ్ణే.

ఖననం అయింది. పోయినవారి ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడికకు చర్చి నిండిపోయింది. ఆయన శిష్యులు కానివారు ఆ గుంపులో తక్కువ. ముందు కోటేశ్వరరావు లేచాడు. మాస్టారు ఆఖరి ఘడియలో తన చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ కోటీ, ఆ చోటు వదలమాకండ్రా. ఇకనుంచి అందర్నీ నువ్వే తీసుకుపో" అన్నారని చెప్పి కూర్చున్నాడు. తర్వాత శాంసను లేచి, "శాంసనూ, పాట ఎత్తుకో, నాకు పిలుపొచ్చింది అన్నారండీ" అని గద్గదంగా చెప్పి, పాట కూడా ఎత్తుకున్నాడు. బ్రహ్మయ్య మాత్రం, "నేను గిన్నెలు తోముతున్నానండీ. నాకేం తెలవదు" అని కూర్చున్నాడు. నేను వెనక బెంచీలో ఉన్నాను. ఒక్క ఏడు నేను పక్కన లేకపోతే నా మనుషులు ఇంత కళాకారులయ్యారా అని ఆశ్చర్యపోయాను. వాళ్ళకు చెప్పుకోవడానికి ఒక పొద్దుటిపూట ఉంది. నాకు మిరప బస్తాలున్నాయి.

భోజనాల దగ్గర కోటేశ్వరరావు నా ముఖం కనిపెట్టినట్టున్నాడు. విస్తరి పట్టుకుని పక్కకు జరిగి, "నీ పేరు కూడా తలిచార్రా" అన్నాడు. "'సాంబడుంటే బాగుండేదిరా' అన్నారు. అదే ఆఖరి మాట."

నేను విస్తరి మడిచేశాను.

మాస్టారి భార్య కరుణమ్మ ఆ మాట విన్నది. మా నలుగుర్నీ ఇంటి వసారాలోకి పిలిచి కుర్చీలు వేయించింది. తాను నిలబడే ఉంది.

"సాంబన్నయ్యా, ఆయన ఆఖరి మాటేందో నాకు తెలియాల. కోటన్నయ్య ఒకటి చెప్పె. శాంసను ఒకటి చెప్పె. అన్నం కాడికొచ్చేసరికి మూడోది పుట్టె. ఇంతకాలం కాపరం చేసినదాన్ని, వీటిలో ఒక్కటీ ఆయన నోట్లోంచి వచ్చినట్టు లేదు. ఈ చుట్టుపక్కల అబద్ధం సంగతి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలవదు. మీరే తేల్చండి."

నా జీవితంలో నా విద్యకు దక్కిన ఏకైక గౌరవం ఇది. దక్కకపోయినా బాగుండేది.

కోటేశ్వరరావు కట్టెలకు పోయానని ఫోనులో తనే చెప్పాడు. "నువ్వెక్కడున్నావురా?" అని శాంసనును అడిగితే, "స్నానం చేస్తన్నా" అని తల దించుకున్నాడు. ఇక మిగిలింది బ్రహ్మయ్య. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"బ్రహ్మయ్యా, చెప్పు."

"ఏముందిరా చెప్పటానికి."

"కరుణమ్మ అడుగుతోంది."

వాడు ఆమెవైపు చూడకుండానే అన్నాడు: "తిట్టారమ్మా. గిన్నె ఏట్లో ముంచి సబ్బేసి తోముతున్నా. 'ఒరేయ్ బ్రహ్మయ్యా, ఎన్నేళ్ళు చెప్పాలిరా నీకు? సబ్బు ఏట్లో కలపమాక, పైకొచ్చి తోము' అన్నారు. పైకి తెచ్చి, తోమి, చూశారా మాస్టారూ అందామని తిరిగేసరికి..." కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆయనతో ఆఖరిసారి తిట్టించుకున్నది నేనని ఇంతమందిలో ఎట్టా చెప్పుకోను?"

కరుణమ్మ నావైపు చూస్తోంది. కోటేశ్వరరావు కూడా చూస్తున్నాడు, ఒప్పుకోరా అన్నట్టు. "సాంబడుంటే బాగుండేదిరా" అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. నేను ఊ అంటే చాలు, అది నిజమై, రేపటికి ఊరంతా పాకి, నా తర్వాత కూడా బతుకుతుంది. నేను కట్టిన ఏ కథా అంత బాగా కుదరలేదు. కానీ తన మీద పడ్డ తిట్టును ఏ మనిషీ కల్పించడు. ఎదుటివాడి ముఖం చూసి పుట్టిన మాటేదో, పుట్టని మాటేదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"బ్రహ్మయ్య చెప్పిందేనమ్మా నిజం" అన్నాను.

"మరి నీ పేరు..." అన్నాడు కోటేశ్వరరావు.

"నోరు మూసుకోరా."

కరుణమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. చూస్తుండగానే ఆమె నవ్వింది, కూడిక మొదలైన దగ్గర్నుంచి మొదటిసారి. "అదీ! అది ఆయన మాట" అంది. వెళ్ళి బ్రహ్మయ్య భుజం మీద చెయ్యి వేసి, "ఏడవమాక అన్నయ్యా. ఆఖరిదాకా ఆయన ఆయన్లాగానే ఉన్నాడని నువ్వొక్కడివే చెప్పావు" అంది.

మాస్టారూ! మీ నిరాడంబరతకు, మీ వాత్సల్యానికి, మీ మౌనానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ స్థానం భర్తీ చేయగలవారు మా వైపు లేరు, ఉన్నారని ఎవరైనా అంటే అబద్ధమని నేను తేలుస్తాను. మీ నిద్రకు ఇక ఏ కాపలా అక్కర్లేదు. కానీ ఒక్కటి మాత్రం దాచలేను. మీరు చూసిన ఏటిని చూసి, మీకు దక్కిన చావును చూసి ఇన్నాళ్ళూ ఈర్ష్య పడింది చాలక, ఇప్పుడు బ్రహ్మయ్యను చూసి కూడా ఓర్వలేకపోతున్నాను. దారిలో వాడు ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతున్నాను. ఆ పొద్దున సరుకు యార్డులో వదిలేసి వచ్చి ఉంటే, గిన్నె నా చేతిలో ఉండేది. ఆ తిట్టు నాకు దక్కేది.