పడవవాడు క్షమించలేదు

గ్రంథాలయం వెనక గదిలో ముప్పై ఏళ్లుగా చిరిగిన పుస్తకాలు కుట్టే ఆమెను అందరూ జిగురత్త అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు. పుస్తకాన్ని మడిచి చంకలో పెట్టుకొచ్చినవాణ్ణి మాత్రం గుమ్మంలోనే కడిగేస్తుంది.

ఆమె చదువు ఐదో తరగతితోనే ఆగింది. పెద్ద బడి దూరమని నాన్న మాన్పించి, చేతికి దబ్బనం ఇచ్చి పుస్తకాలు కుట్టే తన పని నేర్పాడు. ఊడిన పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూడాలంటే చదవక తప్పదు. అలా ఒక్కొక్కటీ కుడుతూ, అలమరాల్లోని పాత నవలలన్నీ చదివేసింది. "ఆరో తరగతి నా చేత చదివించలేదు గానీ, అందులో చెప్పేవాళ్లకి కూడా తెలియని కథలు నాకు తెలుసు" అనేది. అందులో కొంచెం గొప్ప ఉంది, చాలా ఉక్రోషం ఉంది.

పోయిన ఎండాకాలం ఆమె తమ్ముడి కూతురు ఐదు పాసైంది. ఆరులో చేరబోయే పిల్లలు సెలవుల్లో నాలుగు పాత నవలలు చదవాలని, బడి తెరవగానే పరీక్ష ఉంటుందని ఒక కాగితం ఇచ్చారు. జిగురత్త మురిసిపోయింది. తీరా మేనకోడలు సంచిలోంచి తీసింది నలభై పేజీల పల్చటి పుస్తకం. నాలుగు నవలలూ అందులోనే. వెనక ప్రశ్నలు, జవాబులు.

"ఇది బట్టీ పడితే చాలట అత్తా. బడిలోనే ఇచ్చారు."

జిగురత్త నిలబడే తిరగేసింది. మూడొందల పేజీల నవల ఎనిమిది పేజీలైంది. వానలు, తగవులు, నవ్వులాటలు, అన్నీ పోయాయి. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అన్నది మిగిలింది.

"ఇది కథా, చావుకబురా? పిల్లలకి పళ్లు రాలేదనుకున్నారా, వీళ్లే నమిలి పెడుతున్నారు!"

మర్నాటి నుంచి పిల్లని తనతో పనికి తీసుకెళ్లింది. అదృష్టం కొద్దీ, జాబితాలోని పడవవాడి నవల అట్ట ఊడి ఆమె బల్ల మీదే ఉంది. దాన్ని కట్టలు కట్టలుగా విప్పింది. పిల్ల ఒక కట్ట చదివి ఇస్తే అత్త కుట్టేది. రెండు రోజుల పని పన్నెండు రోజులు పట్టింది.

ఆ నవలలో పడవవాడు ఊళ్లో లేనప్పుడు తమ్ముడు అతని పడవ అమ్మేస్తాడు. అమ్మలేదని ఏళ్ల తరబడి బొంకుతాడు. చివరికి వచ్చి కాళ్ల మీద పడతాడు. పడవవాడు మాట్లాడకుండా లేచి వెళ్లిపోతాడు. అంతే, కథ అయిపోతుంది.

చివరి కట్ట చదివి పిల్ల చాలాసేపు ఇవ్వలేదు. "అంత ఏడ్చాడు కదత్తా, ఎందుకు క్షమించలేదు?"

"నాకూ తెలీదే. నీకేమనిపిస్తోంది?"

"పడవ అమ్మినందుకు కాదేమో. రోజూ మొహం చూస్తూ అబద్ధం చెప్పినందుకేమో."

జిగురత్త దారం కొరకబోయి ఆగి, పిల్ల తల నిమిరింది.

పరీక్షలో సరిగ్గా అదే అడిగారు. పడవవాడు చివరికి ఏం చేశాడు? పిల్ల తనకు తోచిందంతా ఒక పేజీ రాసింది. ఆ జవాబుకి సున్నా వచ్చింది. పక్కన ఎర్ర సిరాతో, "కథ సరిగ్గా చదవలేదు." పల్చటి పుస్తకంలో పడవవాడు తమ్ముణ్ణి కౌగిలించుకుంటాడు మరి! పిల్లలకి నీతి ఉండాలని ఎవరో ముగింపు మార్చేశారు.

ఆ ఎర్ర సిరా వాక్యం చూడగానే జిగురత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. వేళ్ల మీద జిగురు ఎండిపోతున్నా కడుక్కోకుండా, నవల, పిల్ల జవాబు కాగితం పట్టుకుని బడికెళ్లింది.

హెడ్మాస్టరు కుర్చీలో ఉన్నాడు. పేపర్లు దిద్దిన టీచరమ్మ పక్కన నిలబడింది. జిగురత్త నవల తెరిచి చివరి రెండు పేజీలు పైకి చదివింది. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. టీచరమ్మ తల వంచుకుంది.

"అమ్మా, మేం ఇచ్చిన జవాబుల ప్రకారమే మార్కులు" అన్నాడాయన. "ఒక్కరి కోసం మార్చలేం."

"పుస్తకం చదవమన్నది మీరే. చదివితే తప్పంటున్నదీ మీరే. టీచరమ్మా, నువ్వు చదివావా ఇది?"

టీచరమ్మ ఆయన వంక చూసింది. "లేదండీ" అంది మెల్లగా. "మాకూ ఆ చిన్న పుస్తకమే ఇచ్చారు."

"మార్కులు మీరే దాచుకోండి. నా మేనకోడలు చదవలేదని రాశారే, ఆ మాట కొట్టేయండి. అది అబద్ధం."

"అదేం కుదరదు" అని హెడ్మాస్టరు అంటూనే ఉన్నాడు. టీచరమ్మ కలం తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద సంతకం పెట్టింది. ఆయన మొహం కందగడ్డయింది. ఆమె కలం మూసి జిగురత్త వైపు తిరిగింది. నవల తనకొకసారి ఇస్తారా అని అడిగింది.

"తీసుకెళ్లు. పేజీ మడిచావంటే ఊరుకోను."

సున్నా సున్నాగానే ఉండిపోయింది. ఈ ఎండాకాలం కొత్త పిల్లలకి మళ్లీ ఆ నలభై పేజీలే పంచారు. కౌగిలింత కూడా అలాగే ఉంది. కాకపోతే టీచరమ్మ చెప్పి పంపితే పదకొండు మంది వెనక గదికి వచ్చారు. జిగురత్త వాళ్లకి బెంచీలు వేయించింది. హెడ్మాస్టరు మీద పైవాళ్లకి మూడు ఉత్తరాలు రాసింది, జవాబు రాలేదు. ఇప్పుడు నాలుగోది రాస్తోంది, మేనకోడలు అక్షర దోషాలు దిద్దుతోంది.