నట్టల మందు, అరువు గంప

నిన్న తాడేపల్లిగూడెంలో మందుల కొట్టాయన కోళ్ళ కడుపులో పురుగులకు వేసే నట్టల మందు సీసా నా చేతిలో పెట్టి, "నీళ్ళలో కలిపి పెట్టెయ్యండి, వాటంతటవే తాగేస్తాయండి" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు కుదురు లేదు. మేడ మీద పెంచుకుంటున్న కోళ్ళ కోసం పొద్దున్నుంచీ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. వాటంతటవే మందు తాగే కోళ్ళను నమ్మడం నేను ఏనాడో మానేశాను. పెరటి కోళ్ళ కడుపులో పురుగులతో వేగిన నా ఈడువాళ్ళకు ఎందుకో చెప్పక్కర్లేదు.

డిగ్రీ పూర్తయ్యాక, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో నమ్మబలికి, మండవల్లి దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో మకాం పెట్టిన రోజులవి. ఇంటికి మూడు పక్కలా చేపల చెరువులు, నాలుగో పక్క వరిచేను, అదీ సగం కాలం చెరువులాగే ఉండేది. అమ్మమ్మ కోళ్ళలో ఒక ఎర్ర పెట్ట ఉండేది. మిగతావి గుడ్డు పెట్టేసి దాని సంగతి మరిచిపోయేవి. పొదుగుకు కూర్చుని పిల్లల్ని లేపేది అదొక్కటే. అలాంటిది మేత తింటూనే చిక్కిపోయి, నెత్తిన జుట్టు పాలిపోయి, చేత్తో ఎత్తితే రొమ్ము ఎముక గుచ్చుకునే స్థితికి వచ్చింది. అది పోతే పెరట్లో ఇక కోడిపిల్ల కనపడదని అమ్మమ్మ ఒకచోట కూర్చోవడం మానేసింది.

పక్కింటి అత్త కళ్ళు పడ్డాయని అమ్మమ్మ తీర్పు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని పెట్టకు దిష్టి తీస్తుంటే ఒక మిరపకాయ జారి కింద పడింది, దాన్ని పెట్టే పొడుచుకు తినేసింది. ఆ రోజు అది ఇష్టంగా తిన్నది అదొక్కటేనని నేనంటే అమ్మమ్మ నన్ను పెరట్లోంచి తరిమేసింది.

కోళ్ళ రెట్టలో తెల్లటి పురుగులు చూసి, తాతయ్య పశువుల ఆసుపత్రికి వెళ్ళి మందు తెచ్చారు. బేసిన్ నీళ్ళలో కలిపి పెరటి మధ్య పెట్టి, ముగ్గురం అరుగు మీద కాపలా కూర్చున్నాం. కోళ్ళు వరసగా వచ్చి, బేసిన్ చుట్టూ ఒకసారి తిరిగి, తీరిగ్గా గట్టు దిగి చెరువులో నీళ్ళు తాగి వచ్చాయి. సాయంత్రం దాకా అదే తంతు. అమ్మమ్మ బేసిన్‌ను నీడలోకి జరిపేది, మళ్ళీ ఎండలోకి జరిపేది, నీళ్ళు మార్చేది.

"చెరువుకి మూత వెయ్యలేం కదా అమ్మమ్మా, కోళ్ళకే వేసేద్దాం" అన్నాను, నవ్వించడానికి.

ఆవిడ నవ్వలేదు. "ఉన్నది ఒక్క గంపేరా, అన్నీ పట్టవు" అంది.

పెద్ద గంప ఉన్నది పక్కింట్లోనే. అమ్మమ్మ పెరట్లో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, పెట్టను ఇంకోసారి ఎత్తి చూసి, చెంగు సర్దుకుని బయలుదేరింది. నేనూ వెనకే వెళ్ళాను, అలాంటివి మళ్ళీ మళ్ళీ చూడం కదా.

అత్త గంప దులిపి చేతికిస్తూ, "తీసుకెళ్ళండి పిన్నిగారూ. గంపకి దిష్టి ఉండదు లెండి" అంది.

"ఉన్నా పర్లేదమ్మా, మిరపకాయలు మిగిలే ఉన్నాయి" అంది అమ్మమ్మ. ముందు నవ్వింది అత్తే.

చీకటి పడకముందే కోళ్ళను గంపల కింద మూశాం. పొద్దున్నే గంపల కిందికి మందు నీళ్ళు తోస్తే, దాహం మీద ఉన్నాయేమో, తలలెత్తకుండా తాగాయి. మర్నాటికి కడుపులో పురుగులు రెట్టతో బయటికి వచ్చేశాయి. ఆ తరవాత గూడును ఇటుకల మీదికెత్తి, అడుగున పొడి ఊక పోసి, తడిసినప్పుడల్లా మార్చేవాళ్ళం. తడి నేల మీది రెట్టలోంచే పురుగు మళ్ళీ కడుపులోకి చేరుతుందని ఆసుపత్రిలో చెప్పారట. కొన్ని వారాలాగి మందు మళ్ళీ పట్టాం. గంప కూడా మళ్ళీ తెచ్చాం. ఎర్ర పెట్ట కోలుకుని పొదుగుకు కూర్చుంది. పిల్లలు లేచాక అమ్మమ్మ ఒక జంటను అదే గంపలో పెట్టి పక్కింటికి పంపింది.

ఇందాక మళ్ళీ మేడ ఎక్కి చూశాను. పొద్దున మందు కలిపి పెట్టిన బేసిన్ ఖాళీ. కొట్టాయన చెప్పినట్టే వాటంతటవే తాగేశాయి. మేడ మీద చెరువు లేదు మరి. అంతా సుఖంగా, సులువుగా జరిగిపోయింది. అయినా పిట్టగోడ దగ్గర చాలాసేపు నిలబడి పక్క మేడ వైపు చూస్తూ ఉండిపోయాను. అక్కడ ఎవరుంటారో నాకు తెలియదు. వెళ్ళి అడగడానికి నాకు గంప అవసరమూ పడలేదు.