నాలుగు వందల మందిని నేనే పోగుచేశాను

ఛత్తీస్‌గఢ్‌లో, గుఢియారీ అనే పేటలో రైలు పట్టాల వెంట మా ఇల్లు. గూడ్సు బండి వెళ్తే మా వంటింట్లో గిన్నెలు వాటంతటవే తోముకుంటాయి. ఎదురుగా ఒక ప్రహరీ, దానికి ఒకటే గేటు. లోపల వేపచెట్టు కింద సిందూరం పూసిన అమ్మవారి రాయి, రెండు బారల దూరంలో ఆకుపచ్చ చాదర్ కప్పిన బాబా సమాధి, అదే మజార్. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ఆ చేత్తోనే బాబాకు అగరుబత్తి వెలిగించి వెళ్ళేవారు. మేమూ అంతే. శ్రీకాకుళంలో మా తాతలు పీర్ల పండక్కి పానకం పోసినవాళ్ళే.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిన ఏడెనిమిదేళ్ళకు, ఒక మంగళవారం కొబ్బరినీళ్ళు చిమ్మి చాదర్ మీద పడ్డాయి. రెండు గ్లాసుల చాయ్‌తో పోయే తగువు. అయినా ఇరువైపుల పెద్దలూ కూర్చున్నారు. ఎదురింటివాణ్ణి, పైగా ఇద్దరి చాయ్ తాగే ఆంధ్రావాలాని కాబట్టి నన్ను సాక్ష్యానికి పిలిచారు. మంగళవారం ఎంతమంది వస్తారని అడిగారు.

నిజానికి వచ్చేది ఇరవై మంది. అందులో నలుగురు నీడ కోసం వస్తారు. కానీ ఎదురుగా వెయ్యిమంది, సరే, పదిహేనుమంది, నా నోటివైపే చూస్తుంటే ఇరవై అని ఎలా చెప్పను? నాలుగు వందలన్నాను. తోపులాటలో ఒక మేక కాళ్ళు నేలకు ఆనకుండానే గేటు దాకా వెళ్ళడం కళ్ళారా చూశానన్నాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఒకాయన కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాటికల్లా గేటుకు తాళం, ఒక కాపలావాడు, ఒక బోర్డు. రద్దీ ఎక్కువైనందున మంగళ, శనివారాలు అమ్మవారివాళ్ళకట. గురు, శుక్రవారాలు బాబావాళ్ళకట. మా ఆవిడ బోర్డు చదివి వచ్చి, "మీ నోటికెయ్యాల్సిన తాళం ఆళ్ళు గేటుకేసీసినారు" అంది.

తరవాతి మంగళవారం ఆ బోర్డు దగ్గర ఒక ముసలామె ఆగిపోయింది. పండరీ బజారులో ఒక బట్టల కొట్టుకు చీరల ఫాల్స్ కుట్టేది. సెలవు మంగళవారం ఒక్కటే. రెండుసార్లు కడుపు పోయిన కూతురు మళ్ళీ నీళ్ళోసుకుంటే, పదకొండు మంగళవారాలు వరసగా బాబా దగ్గర అగరుబత్తి వెలిగిస్తానని మొక్కుకుంది. ఏడు అయ్యాయి. ఇది ఎనిమిదోది. కాపలావాడు గురువారం రమ్మన్నాడు. గురువారం వస్తే పని పోతుంది, ఈ వారం తప్పితే మొక్కు తెగిపోతుంది. ఆమె గేటు ఊచలు పట్టుకుని నిలబడింది.

నేను కాగితం రాసుకున్నాయన దగ్గరికి పరుగెత్తాను. నాలుగు వందలు అబద్ధం, ఇరవయ్యే నిజమన్నాను. ఆయన నా భుజం తట్టి, "మీరు భలే జోకులేస్తారు సాబ్" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి తగ్గించి చెప్తే దానికీ నవ్వాడు.

తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. నేను ఎదురింటివాణ్ణని మాత్రమే ఆమెకు తెలుసు.

"నిన్ను ఆపరు భయ్యా. నువ్వు అగరుబత్తి వెలిగించు, చాలు. దువా నేను ఇక్కణ్ణుంచి చదువుకుంటా" అంది.

కాపలావాడు నా బొట్టు చూసి దారి ఇచ్చాడు. నెత్తిన రుమాలు కప్పుకుని మజార్ ముందు కూర్చున్నాను. గాలికి మూడు అగ్గిపుల్లలు వృథా అయ్యాయి. మూడే. వెనక్కి తిరిగితే, ఊచల అవతల ఆమె దోసిలి పట్టి పెదవులు కదుపుతోంది. అలా నాలుగు వారాలు. బయటికి వచ్చిన ప్రతిసారీ ఆమె నా తల నిమిరి దీవించేది. నా చెవులు కాలిపోయేవి. ఆ నాలుగు వందల సంగతి వచ్చేవారం చెప్తాను, మొక్కు తీరాక చెప్తాను అనుకునేవాణ్ణి.

వానాకాలంలో కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆమె స్టీలు డబ్బా నిండా తీపి మలీద తెచ్చి, "నీ ఇంటాయన లేకపోతే నా మొక్కు గేటు బయటే ఆగిపోయేది బెహన్" అని మా ఆవిడ చేతిలో పెట్టింది.

మా ఆవిడ నావైపు చూసింది. చెప్పమన్నట్టే చూసింది.

మలీద చాలా బాగుందన్నాను. ఇంకొంచెం పెట్టమన్నాను.