గుంజలకు ఏ రంగు

మొన్న మా గేటుకు రంగు వేయడానికి వచ్చిన పెయింటరు రంగుల అట్ట చేతికిచ్చి ఏదో ఒకటి చెప్పమన్నాడు. తిప్పి తిప్పి చూసి, రేపు చెబుతానన్నాను. చీర కొనడానికి కూడా ఇంతసేపు పట్టదు కదా అని మా ఆయన నవ్వాడు. నాకేమో గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు బాపు కట్టిన దడి గుర్తొచ్చింది.

తెలంగాణ రావడానికి పదేళ్ల ముందు సంగతి. నేను కాలేజీలో ఉన్నాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కోసం మా ఊరు ఖాళీ చేయిస్తుంటే, బాపు వాళ్ల అమ్మను, అంటే మా బాపమ్మను, మా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆమెకు క్వార్టరు ఇల్లులా తోచలేదు. పొద్దున లేస్తే “రేపు పోత” అనేది, అన్నం సరిగా తినేది కాదు. చేతికి పని ఉంటే కుదురుకుంటుందని బాపు ముందు జాగాలో చిక్కుడు, బీర పెట్టి చుట్టూ దడి కట్టాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా బాపుది తలకిందులు. బొగ్గుబాయిలో అందరిమీదా అరిచే మనిషి తల్లి ముందు నిలబడి, గుంజలకు ఏ రంగు వేయమంటావని మెల్లగా అడిగాడు.

“జాజు పుయ్యి కొడుకా. పైన సున్నం పట్టె. మన అరుగుకు ఉన్నట్టు,” అంది.

ఆ ఎర్రమట్టి పేరు వినగానే బాపు ముఖం చిన్నబోయింది. “బాయిల కప్పు మంచిగ లేని కాడ ఎర్ర గుంజలు పాతుతరే అవ్వా, దాటి పోవద్దని. డ్యూటీల గదే, ఇంటికొస్తె గదేనా? ఆకుపచ్చ ఏస్త.”

ఇద్దరిదీ ఒకటే మొండితనం. కోస్తా నుంచి వచ్చిన పక్క క్వార్టరు ఆంటీ నీలం వేసుకోమని సలహా ఇచ్చింది గానీ ఎవరూ వినలేదు. చివరికి బాపే తగ్గి జాజు నానబెట్టాడు. అప్పుడు కొత్త చిక్కొచ్చింది. ఏటా తన చేత్తో వేసిన సున్నం పట్టె ఎంత వెడల్పుండేదో బాపమ్మకు గుర్తురాలేదు. “ఒక్కపారి పోయి చూసొద్దాం,” అంది.

ఆటోలో ముగ్గురం వెళ్లాం. ఊరి దారి మొదట్లోనే అడ్డంగా ఎర్ర రంగు గుంజలు. అవతల మా ఇల్లు లేదు, మా వాడకట్టే లేదు. మట్టి గుట్టలా పోసి ఉంది. కాపలా మనిషి దగ్గరికొచ్చి, “ఇటు పోవద్దు పెద్దమ్మా,” అన్నాడు. బాపమ్మ ఒక గుంజను పట్టుకుని, “నువ్వు చెప్పింది గిదేనా కొడుకా?” అని అడిగింది. బాపు తల ఊపాడు. ఆమె ఏడవలేదు, నాకే ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక నీ ఇష్టమున్న రంగు వేసుకోమంది. బాపు ఆకుపచ్చ వేశాడు. పంతం నెగ్గిన మనిషిలా లేడు, తలొంచుకుని వేశాడు. ఆ తర్వాత బాపమ్మ పోతానన్న మాట ఎత్తలేదు, పెట్టింది తినేది. మేం సంబరపడ్డాం. మంచం మాత్రం దడి కనబడకుండా గోడవైపుకు జరిపించుకుంది. చిక్కుడు కాపుకు రాకముందే కన్నుమూసింది.

ఆమె మా దగ్గర కుదురుకుందనే చాలా ఏళ్లు అనుకున్నాను. కుదురుకోవడానికి ఒక బతుకు కాలం పడుతుందని, ఆమె దాన్ని ఆ ఊళ్లోనే ఖర్చు చేసి వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.