తిరగేసిన ఆపిల్ అట్టు

చక్కెర ఎర్రబడి, ఇంకొక్క క్షణం ఆగితే మాడిపోతుందనిపించే వాసన తగిలితే చాలు, నాకు హసీనక్క గొంతు వినిపిస్తుంది. ఇవాళ పొద్దున కువైట్ మిర్కాబ్‌లో నేను పనిచేసే బేకరీలోనూ అదే వాసన.

హసీనక్కది రాయచోటి. నేను కువైట్‌లో మొదట చేరిన ఇంట్లో ఆమె వంటమనిషి, నేను పాత్రలు తోమేదాన్ని. మోకాళ్లు అరిగిపోయి ఊరికి వెళ్లిపోదలచుకున్న ఆమె, వంట నాకే అప్పగించాలని పట్టుబట్టింది. పాత్రలు తోమేదానికి వంటేం తెలుసని, మేం 'మామా' అని పిలిచే ఇంటావిడకు అనుమానం. శుక్రవారం చుట్టాలొచ్చేసరికి ఫ్రెంచివాళ్ల ఆపిల్ టార్ట్ నేనే చేసి చూపించాలంది. చెడిందో, నన్ను ఏజెంటు ఆఫీసుకు తిప్పి పంపేస్తుంది.

ఆ టార్ట్ అంతా తలకిందుల వ్యవహారం. పెనంలో చక్కెర, వెన్న ఎర్రగా కాగాక ఆపిల్ ముక్కలు పేర్చి, పైన మైదా రొట్టె కప్పి ఓవెన్‌లో పెట్టాలి. కాలాక పళ్లెంలోకి బోర్లించాలి. అక్క దాన్ని 'తిరగేసిన అట్టు' అనేది. అన్నీ సరిగ్గానే చేశాను కానీ చివర్లో నా తెలివి తెల్లారింది. వేరుశనగ పాకం చెక్కలను మా అమ్మ ఆరాకే కదా తీసేది అనుకుని, పెనాన్ని అరగంట ఫ్యాను కింద పెట్టాను. బోర్లిస్తే ఒక్క ముక్కా ఊడలేదు! అవతల హాల్లో చుట్టాలు కాఫీలు తాగుతున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏంటికే ఏడుస్తావు? పాకం బిగుసుకునింది, అంతే. ఆలస్యం అమృతం విషం అని పెద్దోళ్లు ఊరికే అన్నారా?" అంటూ అక్క పెనాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టింది. నిమిషానికి అంచుల్లో పాకం బుడగలు కట్టింది. "యల్లా, తిప్పు."

"నువ్వే తిప్పక్కా."

"నేను తిప్పితే అది నా అట్టు. నేను పోయినాక ఎవురు తిప్పుతారు?" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఎంత కోపమొచ్చిందో నాకు!

కళ్లు మూసుకుని తిప్పాను. నిగనిగలాడుతూ పళ్లెంలో పడింది. ఒక్క ముక్క మాత్రం పెనానికే అంటుకుంది. అక్క పక్క ముక్కలను చెంచాతో జరిపి ఖాళీ కప్పేసి, ఆ ముక్కను రెండు చేసి సగం నా నోట్లో పెట్టింది. చుట్టాలు పళ్లెం ఖాళీ చేశాక మామా వంటగదిలోకొచ్చి, "ఖలాస్, ఇంక మాటల్లేవు, ఈ అమ్మాయి ఉంటుంది" అంది. నెల తిరక్కుండా అక్క ఊరెళ్లిపోయింది. ఆ రోజు తనే తిప్పేసి ఉంటే నేనింకా పాత్రలు తోముతూనే ఉండేదాన్ని.

ఇవాళ, బేకరీలో కొత్తగా చేరిన నాగవేణి వేడి పెనం పట్టుకుని, "నువ్వే తిప్పక్కా" అంది. అయ్యో పాపం అని నా చేతులు ముందుకు పోయాయి. బలవంతాన వెనక్కి కట్టుకున్నాను. నన్ను కొరకొరా చూసి, తనే తిప్పింది.

ఒక ముక్క పెనంలోనే ఉండిపోయింది. సగం తనకు పెట్టి, సగం నేను తిన్నాను.